క్యూ కర్రకు ధర కట్టడం నేర్చుకుంటున్నాను

నేను చేసిన మొదటి పూల్ క్యూను, అంటే బల్ల మీద బంతులతో ఆడే పూల్ ఆటకు వాడే కర్రను, 120 డాలర్లకు ఇచ్చేశాను. హ్యూస్టన్‌లో మా గ్యారేజీలోని చిన్న లేత్ మీద తయారైంది అది. కలప, రెండు ముక్కలను బిగించే జాయింటు పిన్ను, కొసకు తొడిగే ఫెర్రూల్, బంతిని తాకే తోలు టిప్పు, అడుగున ఉండే రబ్బరు బంపరు అన్నీ కలిపి 95 డాలర్లయ్యాయి. పాతిక మిగిలిందని సంబరపడ్డాను. వంకరపోయి మూలన చేరిన షాఫ్టులను ఆ లెక్కలో వేయలేదు.

క్యూలో పట్టుకునే భాగం బట్, బంతిని కొట్టే భాగం షాఫ్టు. బిగిస్తే సుమారు 58 అంగుళాలు. షాఫ్టుకు నేను వాడేది హార్డ్ మేపుల్. అంగుళం మందమున్న కర్రను కొస దగ్గర 13 మిల్లీమీటర్లకు తేవాలి, అదీ నిదానంగా. చెక్కిన ప్రతిసారీ కలపలోని బిగి సడలి కర్ర ఒక పక్కకు లాగుతుంది. అందుకే కాస్త చెక్కి, కొన్ని వారాలు నిలువుగా వేలాడదీసి, మళ్లీ కాస్త చెక్కుతాను. ఇలా ఎనిమిది విడతలు, ఆరు నెలలు. ఇక్కడి తేమకు పదింట మూడు చివరిదాకా నిలవవు. ఏడో విడతలో వంగిన కర్రను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మూడింటి ఖర్చును మిగతా ఏడూ మోయాలి.

ఇప్పుడు స్నీకీ పీట్ ఒక్కటే చేస్తున్నాను, 260 డాలర్లకు. చూడటానికి క్లబ్బు గోడకు ఉండే మామూలు క్యూలా ఉంటుంది, మధ్యలో విప్పుకోవచ్చు. నగిషీ ఉండదు. అమెరికాలో పేరుమోసిన క్యూ తయారీదారు జార్జ్ బాలబుష్కా చేసిన క్యూలు నేడు వేల డాలర్లు పలుకుతున్నాయంటే ఆయన పేరుకు అంత విలువ ఉంది. కొత్తవాడి క్యూను రేపు తిరిగి అమ్మితే ఎంత వస్తుందని కొనేవారు అడగడం న్యాయమే. కాబట్టి కర్ర తిన్నగా ఉన్నందుకు, దెబ్బ చేతికి స్పష్టంగా తెలిసినందుకు మాత్రమే డబ్బు అడుగుతాను.

మనవాళ్లు కొందరు ఎర్రచందనంతో చేయమంటారు. అది అంతర్జాతీయ రక్షణ ఉన్న చెట్టు, ముట్టుకోను. అడ్వాన్సు కూడా తీసుకోను. ఎండని కర్ర మీద ఇంకొకరి డబ్బు ఉంటే చేయి తొందరపడుతుంది. పూర్తయిన క్యూనే లీగ్ ఆటకు పట్టుకెళ్లి, ఒక ఆట ఆడి చూడమని చేతికిస్తాను.

మొదటి క్యూ కొన్న మిత్రుడు పోయిన వారం వచ్చి, "అన్నా, ఇంకొకటి కావాలి, అదే ధరకు" అన్నాడు. గ్యారేజీలోకి తీసుకెళ్లి వంగిన షాఫ్టులు చూపించి 260 చెప్పాను. ఒకదాన్ని బల్ల మీద దొర్లించి చాలాసేపు చూశాడు. దీపావళి లోపు చెబుతానన్నాడు.