పలుగురాయి పొడి, నాలుగు సార్లు రాయించుకున్న ఒక కాగితం

సైదాపురం దగ్గరి పలుగురాయి (క్వార్ట్జ్) మిల్లులో ఆరేళ్లపాటు పొడిని సంచులకు నింపే పని చేసిన నాకు, ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. కళ్లె పరీక్షలో క్షయ కాదని తేలింది. నెల్లూరులో ఎక్స్‌రే ఒక్క పూటలో అయిపోయింది. ఛాతీ వైద్యుడు మాత్రం ఎక్స్‌రేలోని మచ్చలను చూసి, ఏ దుమ్ములో, ఏ పని, ఎన్నేళ్లు చేశానో మిల్లువారి చేత రాయించుకు రమ్మన్నారు. సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, అని తేల్చడానికి ఎక్స్‌రేతో పాటు పని చరిత్ర కూడా కావాలి.

ఆ కాగితం కోసం నాలుగు సార్లు తిరిగాను. మొదటిసారి ‘హెల్పర్’ అని రాసిచ్చారు, రెండోసారి ‘లోడింగ్’ అన్నారు, రెండింటిలోనూ దుమ్ము ఊసే లేదు. మూడోసారి మేనేజరు నన్ను తోటి పనివాళ్ల ముందు గంటసేపు నిలబెట్టి, “బీడీలు తాగి మా మీద పెడతావేమయ్యా, ఇది ముగ్గుపిండి లాంటిదే కదా” అన్నాడు. నేను జన్మలో బీడీ ముట్టలేదు.

నాలుగోసారి ఆయన బల్ల అద్దం మీద చిటికెడు పొడి వేసి, పెన్ను మూతతో నొక్కి రుద్దాను. తుడిచి చూస్తే అద్దం నిండా సన్నని గీతలు పడ్డాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోహ్స్ కొలమానంలో పలుగు కాఠిన్యం 7, అద్దానిది సుమారు 5.5, ముగ్గుకు వాడే సున్నపురాయి పొడిది 3 మాత్రమేనని చెప్పాను. పదో తరగతితో ఆగిన నేను ఆ మాట చెప్పినప్పుడు గుమాస్తా ముఖం చూడవలసిందే! నిజానికి జబ్బు ఈ గట్టిదనం వల్ల రాదు. కంటికి కనిపించని, సుమారు 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండే పలుగు దుమ్ములోని స్ఫటిక సిలికా రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి, అక్కడి కణజాలాన్ని మచ్చలుగా మార్చేయడం వల్ల వస్తుంది. ఆ మచ్చలు మానవు. అందుకే ముఖానికి తువ్వాలు చుట్టుకుని క్షేమమనుకోవడం వట్టిది. సరిగ్గా అతికే ఎన్-95 మాస్కు కావాలి, నేలను చీపురుతో ఊడ్చకుండా తడిపి కడగాలి, అంతకన్నా ముందు సంచులు నింపే చోట దుమ్మును లాగేసే గొట్టం ఉండాలి. మా మిల్లులో ఆ గొట్టం ఉండేది, తనిఖీ రోజున మాత్రమే పనిచేసేది.

పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇప్పించే చట్టంలోని మూడో షెడ్యూలులో, అంటే ఆ జబ్బుల జాబితాలో, సిలికోసిస్ పేరుందని చెప్పాక, ‘క్వార్ట్జ్ పొడి సంచులు నింపు విభాగం, ఆరేళ్లు’ అని రాసి, గీతలు పడిన ఆ అద్దం మీదనే పెట్టి ముద్ర వేశారు.