లేజర్ రేంజ్ ఫైండర్: ఫార్ములా ఒక్క లైనే, అసలు చదవాల్సింది రిసీవర్

ఇన్‌స్ట్రుమెంటేషన్ పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లలో చాలామంది లేజర్ రేంజ్ ఫైండర్‌ని, అంటే లేజర్‌తో దూరం కొలిచే పరికరాన్ని, అరపేజీ టాపిక్‌గా చూస్తారు. పల్స్ పంపాం, తిరిగొచ్చింది, పట్టిన సమయాన్ని కాంతి వేగంతో గుణించి 2తో భాగించాం, అయిపోయింది. ఒక మార్కు ప్రశ్నకి అది చాలు. రెండు మార్కుల లెక్కలు, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు మాత్రం నాకు వేరేచోట ఎదురయ్యాయి. తిరిగొచ్చిన ఆ బలహీనమైన పల్స్‌ని రిసీవర్ ఎలా గుర్తుపడుతుంది, నాయిస్‌లోంచి దాన్ని ఎలా బయటికి తీస్తుంది అన్న దగ్గర. అందుకే ఈ టాపిక్‌ని నేను వెనక నుంచి, అంటే రిసీవర్ వైపు నుంచి చదివాను.

ముందుగా కొన్ని అంకెలు నోటికి రావాలి. 1 నానోసెకండ్ అంటే 15 సెంటీమీటర్ల దూరం. 1 కిలోమీటరు దూరానికి పోయిరావడానికి 6.67 మైక్రోసెకన్లు. 1 మిల్లీమీటరు తేడా తెలియాలంటే 6.67 పికోసెకన్లు కొలవగలగాలి. ఇవి పోయిరావడాన్ని కలుపుకున్న అంకెలు కాబట్టి 2తో భాగించడం మర్చిపోయే సమస్యే ఉండదు. వీటితోనే ఇంకో విషయం తేలిపోతుంది: మామూలు కౌంటర్‌తో 1 మీటరు రిజల్యూషన్‌కి 150 మెగాహెర్ట్జ్ క్లాక్ సరిపోతుంది, మిల్లీమీటరు కావాలంటే 150 గిగాహెర్ట్జ్ కావాలి. అది కుదిరే పని కాదు కనుకే అతి చిన్న సమయాన్ని నేరుగా అంకెగా మార్చే టైమ్ టు డిజిటల్ కన్వర్టర్లు, ఫేజ్ పద్ధతి వచ్చాయి.

ఫేజ్ పద్ధతి మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. ఇందులో లేజర్ కాంతిని ఒక ఫ్రీక్వెన్సీతో ఎక్కువతక్కువ చేస్తూ (ఇదే మాడ్యులేషన్) పంపి, తిరిగొచ్చినది ఫేజ్‌లో ఎంత వెనకబడిందో చూసి దూరం లెక్కిస్తారు. మాడ్యులేషన్ 10 మెగాహెర్ట్జ్ అయితే సందిగ్ధం లేకుండా కొలవగలిగే దూరం 15 మీటర్లు, 150 మెగాహెర్ట్జ్ అయితే 1 మీటరే. ఒక సైకిల్‌లో వెయ్యో వంతు ఫేజ్ గుర్తించగలిగితే మొదటిది 15 మిల్లీమీటర్ల వరకు, రెండోది 1 మిల్లీమీటరు వరకు చెబుతుంది. రెండూ కలిపి వాడితే పెద్ద దూరం ఒకటి, సూక్ష్మమైన కొలత ఇంకొకటి ఇస్తాయి. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే ఆ సెక్షన్ అయిపోయినట్టే. కాంతి తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం కనుక్కునే ట్రయాంగ్యులేషన్ తక్కువ దూరాలకే వాడతారు, జ్యామితి ఒకసారి గీసి వదిలేయండి.

ఇక నాయిస్. పుస్తకాల్లో దీన్ని షాట్ నాయిస్ (కాంతి విడివిడి ఫోటాన్లుగా రావడం వల్ల కరెంటులో వచ్చే హెచ్చుతగ్గులు), థర్మల్ నాయిస్ (సర్క్యూట్ వేడి వల్ల వచ్చేది), బ్యాక్‌గ్రౌండ్ (బయటి వెలుతురు), బ్యాక్‌స్కాటర్ (దారిలోని కణాల మీద పడి వెనక్కి చెదిరే కాంతి) అని వరసగా ఇచ్చేస్తారు. అలా చదివితే నాలుగు పేర్లు గుర్తుంటాయి, ప్రశ్న తిప్పి అడిగితే దొరికిపోతాం. నేను దీన్ని రెండే భాగాలు చేసుకున్నాను: మన పల్స్‌తో సంబంధం లేకుండా వచ్చేది ఒకటి, మన పల్స్ వల్లే పుట్టేది ఇంకొకటి. ఏ ఫిల్టర్ ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఈ విభజనతోనే తెలుస్తుంది.

మొదటి రకానికి పెద్ద ఉదాహరణ ఎండ. సూర్యకాంతి వల్ల వచ్చే స్థిరమైన కరెంటును కెపాసిటర్ పెట్టి ఆపేయొచ్చు, కానీ దానితోపాటు వచ్చే షాట్ నాయిస్ పోదు. అందుకే కాంతి డిటెక్టర్‌ని చేరకముందే ఆపాలి. లేజర్ తరంగదైర్ఘ్యం చుట్టూ సన్నని పట్టీని మాత్రమే వదిలే ఆప్టికల్ ఫిల్టర్ పెడతారు. మరీ సన్నగా ఎందుకు చేయరు అన్నది మంచి ప్రశ్న. 905 నానోమీటర్ల లేజర్ డయోడ్ వేడెక్కితే తరంగదైర్ఘ్యం డిగ్రీకి దాదాపు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. ఉష్ణోగ్రత 50 డిగ్రీలు మారితే 15 నానోమీటర్లు. ఫిల్టర్ అంతకన్నా సన్నగా ఉంటే మన సిగ్నలే బయట ఉండిపోతుంది. రిసీవర్ చూసే కోణాన్ని సగం చేస్తే, విశాలమైన నేపథ్యం నుంచి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అవలాంచ్ ఫోటోడయోడ్ అంటే కాంతి వల్ల పుట్టిన కరెంటును లోపలే ఎన్నో రెట్లు చేసే డిటెక్టర్, ఆ రెట్లే గెయిన్. గెయిన్ పెంచితే మేలే అనుకుంటాం కానీ, అది ఎండ నాయిస్‌ని కూడా పెంచుతుంది, పైగా తన సొంత అదనపు నాయిస్ కలుపుతుంది. కాబట్టి గెయిన్‌కి ఒక సరైన విలువ ఉంటుంది, ఎండ ఎక్కువైతే ఆ విలువ తగ్గుతుంది.

ఈ రకం నాయిస్‌కి సగటు బాగా పనిచేస్తుంది. 100 పల్సులు కలిపితే సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి 10 రెట్లు పెరుగుతుంది, వర్గమూలం లెక్క. త్రెషోల్డ్ (పల్స్ వచ్చిందని రిసీవర్ ఒప్పుకునే కనీస స్థాయి) పెంచితే తప్పుడు గుర్తింపులు వేగంగా తగ్గుతాయి, కానీ దూరం నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వని కూడా పోతుంది.

రెండో రకానికి ఉదాహరణ పొగమంచు. దాని నుంచి వెనక్కి వచ్చే కాంతి మన పల్సే. ప్రతిసారీ దాదాపు అదే సమయానికి వస్తుంది, అదే తరంగదైర్ఘ్యంలో వస్తుంది. ఆప్టికల్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. సగటు తీస్తే తగ్గదు సరికదా, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి సమయంతోనే పని చేయాలి. రేంజ్ గేట్ పెట్టి 200 మీటర్ల నుంచి 5 కిలోమీటర్ల వరకే చూడమంటే, రిసీవర్ 1.33 మైక్రోసెకన్ల దాకా మూసుకుని, 33.3 దగ్గర మళ్లీ మూసుకుంటుంది. లేదా మొదట్లో గెయిన్ తక్కువ ఉంచి, సమయం గడిచేకొద్దీ పెంచుతారు. కొన్ని పరికరాలు చివరి ప్రతిధ్వనినే తీసుకుంటాయి. పక్కనున్న ఇంకో లేజర్ సెన్సర్ పల్సులు మన పల్సులతో కలిసిపోయే రేటులో వస్తుంటే, మన పల్సుల మధ్య విరామాన్ని కొద్దికొద్దిగా మారుస్తారు. అప్పుడు అవి ఒక్కోసారి ఒక్కోచోట పడి మొదటి రకం నాయిస్‌లా మారిపోతాయి, సగటుతో పోతాయి. ఈ పాయింట్ రాస్తే జవాబుకి బరువు వస్తుంది.

సగటుతో పోనిది ఇంకోటి ఉంది, దాన్ని వాక్ ఎర్రర్ అంటారు. బలమైన పల్స్ త్రెషోల్డ్‌ని ముందే దాటుతుంది, బలహీనమైనది ఆలస్యంగా దాటుతుంది. దూరం ఒకటే అయినా తెల్లగోడకీ నల్లగోడకీ రీడింగ్ మారుతుంది. పల్స్ ఎత్తు ఎంతైనా, అందులో స్థిరమైన భాగం దగ్గర సమయం గుర్తించే కాన్‌స్టంట్ ఫ్రాక్షన్ డిస్క్రిమినేటర్ దీనికి మందు.

న్యూమరికల్ ఒకటి చేసి చూడండి. పల్స్ రైజ్ టైమ్ (పైకి లేవడానికి పట్టే సమయం) 2 నానోసెకన్లు, సిగ్నల్ టు నాయిస్ వోల్టేజీ నిష్పత్తి 20. టైమింగ్ జిట్టర్ (నాయిస్ వల్ల గుర్తించే సమయం అటూఇటూ ఊగడం) దాదాపు 2ని 20తో భాగించినంత, అంటే 0.1 నానోసెకండ్. దూరంలో 1.5 సెంటీమీటర్లు. 100 పల్సుల సగటుతో 1.5 మిల్లీమీటర్లు. వాక్ ఎర్రర్ 3 సెంటీమీటర్లు ఉందని ప్రశ్నలో ఇస్తే అది 3 సెంటీమీటర్లుగానే ఉంటుంది. టెన్షన్‌లో దాన్ని కూడా 10తో భాగించేస్తారు.

ఆప్షన్లు తికమక పెట్టే చోటు ఇంకొకటి: లేజర్ మచ్చ మొత్తం లక్ష్యం మీదే పడితే తిరిగొచ్చే పవర్ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది, లక్ష్యం మచ్చకన్నా చిన్నదైతే నాలుగో ఘాతానికి. ప్రశ్నలో లక్ష్యం సైజు గురించి ఒక్క మాటే ఉంటుంది, వెతుక్కోవాలి.

ఇంటర్వ్యూకి చంద్రుడి ఉదాహరణ సిద్ధం చేసుకోండి. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టిన రిఫ్లెక్టర్లకి పంపిన పల్స్ తిరిగి రావడానికి 2.5 సెకన్లకు పైగా పడుతుంది, వచ్చేది ఒకటీ అరా ఫోటాన్లు. వాటిని పట్టడానికి సన్నని ఆప్టికల్ ఫిల్టర్, ఇరుకైన చూపు కోణం, ముందే లెక్కగట్టిన క్షణానికి తెరుచుకునే గేట్, మూడూ కావాలి. ఎన్నో పల్సుల ఫోటాన్ సమయాలను హిస్టోగ్రామ్‌గా వేస్తే బ్యాక్‌గ్రౌండ్ చదునుగా పరుచుకుంటుంది, చంద్రుడి నుంచి వచ్చినవి ఒకచోట పోగవుతాయి. ఆ హిస్టోగ్రామ్‌ని కాగితం మీద గీసి చూపించేలా ఉండండి, దాని మీద నుంచే తర్వాతి ప్రశ్న వస్తుంది.