అద్దె గదిలో అక్వేరియం

పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ అద్దె గదిలో ఉండేవాళ్ళకి చేపల మీద మనసు పోవడం సహజమే. కుక్కనో పిల్లినో పెంచుకుంటామంటే చాలామంది ఇంటి ఓనర్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నా, రోజంతా డ్యూటీలో ఉండేవాడు దాన్ని ఎప్పుడు బయట తిప్పుతాడు? చేపలతో ఆ ఇబ్బంది లేదు. పక్క గదివాళ్ళ నిద్ర చెడదు. నైట్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పి, కాసేపు ట్యాంక్ ముందు కూర్చుంటే ఒంట్లో బిగువంతా సడలుతుంది. ఇక్కడికి వచ్చాక నాకు అబ్బిన మంచి అలవాటు ఇదే.

అందుకే కొత్తగా వచ్చిన కుర్రాళ్ళెవరైనా "అన్నా, నేనూ చేపలు పెడదామనుకుంటున్నా. టేబుల్ మీద పట్టే చిన్న బౌల్ చాలు కదా, ఎలాగూ గది మారిపోతాం" అంటే, కూర్చోబెట్టి మరీ చెబుతాను. మన పనివేళలకి చిన్న ట్యాంక్ అస్సలు సరిపడదు. చేపలు తక్కువ పెట్టుకో, నీళ్ళు ఎక్కువ పెట్టుకో అంటాను.

కారణం అమ్మోనియా. చేప వ్యర్థాల నుంచి, మొప్పల నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అది నీళ్ళలో చేరుతూనే ఉంటుంది. చేపకి అది విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా ఆ అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. అయిదు లీటర్ల బౌల్‌లో మేత కాస్త ఎక్కువ పడి, అదే వారం ఓవర్‌టైమ్ వచ్చి నీళ్ళు మార్చలేకపోతే, చేప ఉక్కిరిబిక్కిరైపోతుంది. అదే మేత 60 లీటర్లలో పడితే విషం పలచబడుతుంది, బాక్టీరియాకి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. గదిలో హీటింగ్ ఆగినా పెద్ద ట్యాంక్ నీళ్ళు అంత త్వరగా చల్లబడవు.

ఆ బాక్టీరియా కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్ళూ చేపలు లేకుండా ఫిల్టర్ నడుపుతూ, అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తూ ఉండాలి. నా దగ్గరున్న కిట్‌లో గాజు గొట్టంలో ట్యాంక్ నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, కుదిపి పక్కన పెడతాను. కాసేపటికి పసుపు రంగులోనే ఉండిపోతే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ మాత్రం కనిపిస్తుంటే ఇక చేపల్ని తేవచ్చు. జీతం పడగానే ట్యాంకూ చేపలూ ఒకే సంచిలో తెచ్చేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

సైజు లెక్క తేలిక. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60×30×36 ట్యాంక్ అంటే దాదాపు 65 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు కాబట్టి అద్దం, ఇసుక, స్టాండు కలిపితే ఎనభై కిలోలు దాటేస్తుంది. మామూలు రైటింగ్ టేబుల్‌ని నమ్ముకోవద్దు. అద్దె అగ్రిమెంట్లో అక్వేరియం గురించి ఏమైనా రాశారేమో చూసుకుని, ఓనర్‌ని ముందే అడగండి. ఎత్తుగా సన్నగా ఉండేదాని కంటే పొడుగాటి ట్యాంకే మేలు. ఆక్సిజన్ నీటి ఉపరితలం నుంచే అందుతుంది, చేప ఈదేదీ ఎక్కువగా అడ్డంగానే.

చేపల్ని ఎంచుకునే ముందు కుళాయి నీళ్ళ సంగతి తెలుసుకోవాలి. హార్డ్ వాటర్, అంటే కాల్షియం లాంటి ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళు అయితే గప్పీలు, ప్లాటీలు, మోలీలు హాయిగా బతుకుతాయి. ఆ ఖనిజాలు తక్కువుండే సాఫ్ట్ వాటర్ అయితే నియాన్ టెట్రాలకి నప్పుతుంది. క్రిములు చావడానికి కుళాయి నీళ్ళలో క్లోరమైన్ అనే మందు కలిపే చోట బకెట్‌లో ఒక రాత్రి నిల్వ ఉంచినంత మాత్రాన అది పోదు. దాన్ని విరిచేసే డీక్లోరినేటర్ మందు వేయాల్సిందే.

ఏ చేపతో ఏది కలపొచ్చు అన్న విషయంలో నేను చూసేవి మూడు: ఎంత వేడి నీళ్ళు కావాలి, పెద్దయ్యాక ఎంతవుతుంది, నోరు ఎంత. గోల్డ్‌ఫిష్‌కి చల్లని నీళ్ళు కావాలి, 18 నుంచి 22 డిగ్రీలు చాలు. వ్యర్థాలు కూడా బాగా ఎక్కువ. హీటర్ పెట్టిన ట్యాంక్‌లో గప్పీలతో దాన్ని కలపకూడదు. పైగా మామూలు గోల్డ్‌ఫిష్ పాతిక సెంటీమీటర్లు దాటి పెరగగలదు. దుకాణంలో వేలెడంత కనిపించే ప్లీకో, మనవాళ్ళు సక్కర్ ఫిష్ అనేది, అడుగు దాటిపోతుంది. పాచి తినేది కావాలంటే బ్రిసిల్‌నోజ్ రకం తీసుకోండి, పన్నెండు పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అదీ 65 లీటర్లలో కాదు, వంద దాటిన ట్యాంక్‌లోనే. ఏంజెల్ ఫిష్ పిల్లప్పుడు నియాన్‌లతో బుద్ధిగానే ఉంటుంది, పెద్దయ్యాక వాటినే మింగేస్తుంది. నోట్లో పట్టేది ఏదైనా దానికి ఆహారమే. టైగర్ బార్బ్‌లు పక్క చేపల తోకలు కొరుకుతాయి కాబట్టి పొడుగు తోకల వాటి దగ్గర వద్దు. ఫైటర్ చేపల్లో మగవి రెండు ఒకచోట ఉంటే కొట్టుకుని చస్తాయి. ఒక్కదానికి 20 లీటర్లు, హీటర్, నెమ్మదిగా పారే ఫిల్టర్ ఇస్తే చక్కగా ఉంటుంది.

గాలనుకి అంగుళం చేప అని ఒక లెక్క చెబుతుంటారు. చిన్న టెట్రాల విషయంలో ఏదో కొంత పనికొస్తుంది. ఆస్కార్ అనే పది అంగుళాల చేపని పది గాలన్లలో, అంటే దాదాపు 38 లీటర్లలో పెడితే అది వెనక్కి తిరగడానికే చోటుండదు.

65 లీటర్లలో నేను చెప్పే జట్టు: ఎనిమిది నియాన్ టెట్రాలు, అడుగున ఆరు పిగ్మీ కోరిడోరస్‌లు అనే చిన్న మీసాల చేపలు. రెండూ గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. ఒకటో రెండో తెస్తే మూలల్లో నక్కి రంగు కోల్పోతాయి. కోరిడోరస్‌లకి సన్నని ఇసుకే వేయాలి. మీసాలు ఇసుకలో ఆనించి వెతుకుతూ, కాస్త ఇసుక నోట్లోకి తీసుకుని మొప్పల గుండా వదిలేస్తుంటాయి. మొనదేలిన గులకరాళ్ళు ఆ మీసాల్ని అరగదీస్తాయి. హార్డ్ వాటర్ ఉన్నవాళ్ళు వీటి బదులు ఆరేడు మగ గప్పీల్ని పెట్టుకోవచ్చు. ఆడవి వద్దు, ఒక్కసారి మగదాన్ని కలిసినా నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి.

గది మారేటప్పుడు ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేశాకే కదపాలి. చేపలు పాత నీళ్ళతో బకెట్‌లో వెళ్ళాలి. ఫిల్టర్ స్పాంజి ఆ నీళ్ళలోనే తడిగా ఉండాలి. ఎండితే, లేదా క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళలో కడిగితే, బాక్టీరియా చచ్చి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక ఊరికి వెళ్ళే సెలవు. ఎదిగిన చేపలు ఆరోగ్యంగా ఉంటే వారం పాటు మేత లేకుండా ఆగగలవు. నెల రోజులంటే ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు. అలవాటు లేని రూమ్మేట్ ప్రేమకొద్దీ గుప్పెడు వేసేస్తాడు, అదే ప్రమాదం. నేను మందుబిళ్ళల డబ్బాలో వారాల పేర్లున్న గదుల్లో ఏ రోజు మేత ఆ రోజుకి కొలిచి పెట్టి, అసలు డబ్బా అలమరాలో దాచేస్తాను. "తమ్ముడూ, ఒక రోజు మర్చిపోతే ఏం కాదు, మర్నాడు రెండు గదులూ కలిపి మాత్రం వేయకు" అని చెప్పి, డీక్లోరినేటర్ ఎంత కలపాలో బకెట్ మీదే మార్కర్‌తో రాసి విమానం ఎక్కుతాను.