ఎర్ర లైటు నుంచి మూడో ఫిల్టరు దాకా

కార్తీకమాసంలో ఓ సోమవారం పాలకొల్లు క్షీరారామంలో దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాం. నాన్న ముందు సీట్లో, అమ్మా మా ఆవిడా వెనక. చించినాడ వంతెన దాటి, రాజోలు, తాటిపాక మీదుగా పి.గన్నవరం అక్విడెక్టు మీదకి వచ్చేసరికి డాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. వెలిగింది ఆరలేదు. ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఇంకో పది కిలోమీటర్లు ఓపిక పడితే ఇంటికి చేరిపోతాం, మెల్లగా పోనిద్దామని మనసు లాగింది. కానీ అక్విడెక్టు దిగగానే పక్కకి తీసి ఇంజన్ కట్టేశాను. ఇవాళ ఆ ఇంజన్ బతికి ఉందంటే అక్కడ ఆపడం వల్లే.

ఆ లైటు గురించి మనలో చాలామందికి ఉన్న అపోహ నాకూ ఉండేది. ఆయిల్ తగ్గితే వెలుగుతుందనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం రోడ్డు పక్కన డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ రెండు గీతల మధ్య సరిగ్గానే ఉంది. ఆ ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. చాలా కార్లలో ప్రెషర్ అర బార్ కన్నా కిందకి పడిపోయాకే అది వెలుగుతుంది. అంటే అది వెలిగేసరికే బేరింగులకి ఆయిల్ సరిగా అందడం లేదన్నమాట. ఆ స్థితిలో పోనిచ్చే ప్రతి నిమిషమూ ఆ బేరింగుల్లో తిరిగే ప్రధాన ఇరుసుని, అంటే క్రాంక్‌ని, అరగదీస్తుంది.

మా కారు 2008 మోడల్ డీజిల్ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నేను పనిచేసే హైస్కూలు మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. మధ్యలో కొబ్బరికాయల బేరానికో, బ్యాంకు పనికో అంబాజీపేట దాకా వెళ్ళడం. బండిని ముద్దుగా చూసుకుంటున్నాననే అనుకున్నాను. తక్కువ తిరుగుతోంది కదా అని ఆయిల్ ఏడాదిన్నరకో, రెండేళ్ళకో ఒకసారి మార్పించేవాణ్ణి. జబ్బుకి విత్తనం అక్కడే పడిందని తర్వాత తెలిసింది.

ఈ సంఘటనకి ఆరు నెలల ముందు చాంబర్ దగ్గర, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి దగ్గర, ఆయిల్ కారుతోందని దగ్గర్లో ఒక గ్యారేజీలో చూపించాను. చాంబర్ దించి, సిలికాన్ పేస్టు దట్టంగా పెట్టి బిగించారు. కారడం ఆగింది. దసరా రోజుల్లో ఎర్ర లైటు మినుకు మినుకుమనడం మొదలైంది. ఇంజన్ బాగా వేడెక్కి, గేటు దగ్గరో సంతలోనో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే. రేజ్ ఇస్తే ఆరిపోయేది. అదే గ్యారేజీలో సెన్సర్ పోయిందని మార్చారు. వారానికే మళ్ళీ వచ్చింది. ఈసారి లోపలి మురికిని ఊడగొట్టే ఫ్లష్ ద్రావకం పోసి, ఇంజన్ ఆన్ చేసి పావుగంట ఉంచి, పాత ఆయిల్ దింపి, చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోశారు. చిక్కటి ఆయిల్‌తో రెండు వారాలు లైటు కనిపించలేదు. నేను సంతోషించాను. ఆ రెండు వారాల తర్వాతే పాలకొల్లు ప్రయాణం.

గన్నవరం నుంచి అమ్మనీ మా ఆవిణ్ణీ ఆటోలో పంపించాను. నాన్న మాత్రం బండి వదిలి రానన్నారు. తెలిసిన రైతు ట్రాక్టరు తెచ్చాడు. మోకు కట్టి కొత్తపేట మీదుగా రావులపాలెం తీసుకెళ్ళాం. ఇంజన్ ఆగి ఉన్న బండిని లాగించుకుంటూ స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ కష్టం. స్టీరింగ్ బండరాయిలా ఉంటుంది, బ్రేకు మీద నిలబడి తొక్కితే గానీ పట్టదు. ఆ చీకట్లో ముందున్న ట్రాక్టరు వెనక లైటు తప్ప నాకింకేమీ కనపడలేదు. ఎవరికైనా ఆ అవసరం వస్తే పగటిపూట, వీలైతే టోయింగ్ బండి మీద ఎక్కించుకుని వెళ్ళమని గట్టిగా చెబుతాను.

రావులపాలెంలో మేస్త్రిగారికి అరవై దాటి ఉంటాయి. అంబాసిడర్ల కాలం నుంచీ ఇంజన్లు విప్పుతున్న చెయ్యి. పొద్దున్నే వచ్చి, నా కథంతా విని, ముందు ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూపించారు. బూరెలు వేయించిన మూకుడు అడుగున మాడి పేరుకున్న జిడ్డులా నల్లటి ముద్ద. వేలితో గీకితే గోరు నిండా వచ్చింది.

"ఆయిల్ పంపు మార్చేద్దామా మేస్త్రిగారూ?" అన్నాను.

"ఆయ్, ఉండండి మాస్టారూ. ముందు గేజి పెట్టి చూద్దాం. దాని మాట వినకుండా దేన్నీ మార్చకూడదండి."

ప్రెషర్ సెన్సర్ విప్పి, ఆ మరలోనే చేతి గేజి బిగించారు. స్టార్ట్ చేస్తే ముల్లు ఒక బార్ దగ్గర వణికింది. కొంచెం రేజ్ ఇచ్చారు. ముల్లు లేచింది, లేచి రెండు దాకా వెళ్ళి, రేజ్ అలాగే ఉండగానే కిందకి జారిపోయింది. వెంటనే ఇంజన్ ఆపేశారు. అర నిమిషం కూడా పట్టలేదు. బేరింగులే అరిగిపోయి ఉంటే రేజ్ పెంచేకొద్దీ ముల్లు ఎంతో కొంత పైకే వెళ్ళాలట. రేజ్ పెంచితే పడిపోతోందంటే పంపు ఆత్రంగా లాగుతోంది, కానీ దాని నోటికి ఆయిల్ రావడం లేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజన్ బ్లాకుకి, ఇంకో కొన చెవికి ఆనించి అప్పటికే విన్నారాయన. పైన వాల్వుల్ని కదిపే ట్యాపెట్ల చప్పుడేగానీ, కింద బేరింగు కొట్టుకునే బరువైన మోత ఇంకా రాలేదన్నారు. ఆ మాటకి నా గుండె కాస్త కుదుటపడింది.

చాంబర్ దించినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. నాన్న కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నారు. ఆయిల్ దింపేశాక కూడా చాంబర్ అడుగున వేలెడు మందాన తారులాంటి పూడిక. అందులోకి ముక్కు పెట్టినట్టు ఉండే స్ట్రైనర్‌ని విప్పి, గుడ్డ మీద పెట్టి చూపించారు. అది ఒక చిన్న జల్లెడ. మన టీ వడపోసుకునే దానికన్నా పెద్దదేం కాదు. ఇంజన్ మొత్తానికి ఆయిల్ దాని కళ్ళలోంచే పోవాలి. మూడొంతులు నల్లటి పెచ్చులతో మూసుకుపోయింది. ఆ పెచ్చుల మధ్య బూడిదరంగు సేమియా ముక్కల్లా ఏవో చుట్టుకుని ఉన్నాయి. పట్టకారుతో లాగితే రబ్బరులా సాగాయి. ఆరు నెలల క్రితం చాంబర్‌కి పెట్టిన సిలికాన్ పేస్టు అది. దట్టంగా పెట్టి బిగిస్తే బయటికి ఎంత ఉబుకుతుందో లోపలికీ అంతే ఉబుకుతుంది. లోపలిది వేడి ఆయిల్‌లో నాని, తెగి, నేరుగా జల్లెడకి వెళ్ళి అతుక్కుంటుంది. దానికి తోడు ఫ్లష్ ద్రావకం ఇంజన్ గోడల మీద ఏళ్ళుగా పేరుకున్న ముద్దని ఒక్కసారిగా పెచ్చులుగా ఊడగొట్టింది. చిక్కటి ఆయిల్ కొన్నాళ్ళు ఆ లోపాన్ని కప్పిపెట్టింది. ఇంత పూడిక ఉన్న పాత ఇంజన్‌కి చాంబర్ దించకుండా ఫ్లష్ కొట్టించకూడదని నాకు కళ్ళారా అర్థమైంది.

నాన్న గోదావరి సెంట్రల్ డెల్టా కాలవల మీద నీళ్ళు వదిలే లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఆ జల్లెడని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "కాలవ నిండుగా ఉన్నా శివారు చేలు ఎండుతున్నాయంటే బ్యారేజీని తిట్టుకుని లాభం లేదురా. తూముకి గుర్రపుడెక్క అడ్డం పడిందేమో ముందు చూసుకోవాలి" అన్నారు. మేస్త్రిగారు ఆ మాటకి చాలా సంబరపడ్డారు. ఇంజన్‌లో కూడా శివారు భూములున్నాయండి అని ఆయన నాన్నకి వివరించారు. పంపు కింద నుంచి లాగి, ఫిల్టరులోంచి తోసి, ముందు క్రాంక్ బేరింగులకి ఇస్తుంది. అక్కడ వాడుకోగా మిగిలిందే పైన క్యామ్‌షాఫ్టుకీ ట్యాపెట్లకీ చేరుతుంది. అందుకే నీరు తగ్గితే శివారు రైతు ముందు కేకలు వేసినట్టు, మా బండిలో పైన ట్యాపెట్లే ముందు టకటకమన్నాయి.

మరి పంపు బాగుందా అంటే, లేదు. ఆయిల్ అందక పొడిగా తిరిగి, లోపలి రోటరు మీదా బాడీ గోడ మీదా గీతలు పడ్డాయి. గోరు పెట్టి లాగితే తగులుతున్నాయి. సందు కొలిచే ఫీలర్ గేజి రేకుల్లో దూరకూడని మందం రేకు కూడా సందులో సులువుగా దూరింది. ప్రెషర్ ఎక్కువైతే వదిలేసే రిలీఫ్ వాల్వ్ జిగురు పట్టి సగం తెరుచుకునే ఉండిపోయింది. అంటే అందే కొంచెం ఆయిల్‌లో కూడా కొంత తిరిగి చాంబర్‌లోకే పోతోంది. కాబట్టి పంపు మార్చాల్సిందే. కానీ గేజి పెట్టకుండా, చాంబర్ కడగకుండా పంపొక్కటే మార్చి ఉంటే కొత్తది కూడా నెల తిరక్కుండానే పోయేది.

పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పి బేరింగు ముక్క చూశారు. బూడిదరంగు పూత అరిగి, మధ్యలో సన్నని చారలా రాగి రంగు తేలింది. క్రాంక్ మీద మాత్రం గీత లేదు. బేరింగులు కొత్తవి వేస్తే చాలు, క్రాంక్ లేత్‌కి పంపనక్కర్లేదన్నారు. గన్నవరంలో ఆపకపోయి ఉంటే లెక్క వేరేగా ఉండేదని ఆయనే అన్నారు.

పంపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. మూడో వంతు ధరకి నకిలీ పంపు ఊళ్ళోనే దొరికేది, ఆయన ఒప్పుకోలేదు. ఆ నాలుగు రోజులూ స్కూలుకి సైకిలు మీద వెళ్ళాను. ఈలోగా చాంబర్, స్ట్రైనర్, వాల్వ్ కవర్ డీజిల్‌తో కడిగారు. గాలిగొట్టం అని వాళ్ళనే బ్రీతర్ పైపు విప్పితే అది కూడా సగం పూడుకుపోయి ఉంది. ఇంజన్‌లో డీజిల్ మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత రింగుల సందుల్లోంచి కిందకి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బ్రీతర్ గుండా బయటపడిపోతుంది. నాలుగు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఆయిల్ సరిగా వేడెక్కదు. నీళ్ళ టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ ఆవిరి చాంబర్‌లోనే నీరై, మసితో, పాతబడిన ఆయిల్‌తో కలిసి ముద్ద కడుతుంది. బ్రీతర్ మూసుకుపోతే ఇక చెప్పక్కర్లేదు. తక్కువ తిరిగే బండికే ఆయిల్ తొందరగా మార్చాలన్న సంగతి నాకు అప్పుడు ఎక్కింది.

కొత్త పంపు బిగించే ముందు దాని లోపల ఆయిల్ పోసి చేత్తో తిప్పారు. చాంబర్‌కి ఈసారి సిలికాన్ దారమంత సన్నగా, బోల్టు రంధ్రాల లోపలివైపు నుంచి తిప్పి పెట్టి, ఆరనిచ్చాకే 15డబ్ల్యూ-40 ఆయిల్ పోశారు. డీజిల్ కట్ చేసి, సెల్ఫ్ మాత్రం పది సెకన్ల చొప్పున ఆపి ఆపి కొట్టారు. మూడోసారికి గేజి ముల్లు కదిలింది. ఆ తర్వాతే ఇంజన్ స్టార్ట్ చేశారు. టకటక రెండు మూడు సెకన్లు వినిపించి ఆగిపోయింది. అరగంట నడిపి బాగా వేడెక్కాక చూస్తే ఐడ్లింగ్‌లో ఒకటింబావు బార్, రెండు వేల ఆర్పీఎం దగ్గర మూడు. ఆ ముల్లు అక్కడ నిలబడి ఉంటే నాకు కళ్ళు చెమర్చాయి.

విడి భాగాలు, మజూరీ, ఆయిళ్ళు అన్నీ కలిపి ఇరవై రెండు వేల లోపే అయింది. పాత గ్యారేజీలో ఫోన్ చేసి అడిగితే, బండి చూడకుండానే ఫుల్ ఓవర్‌హాలింగ్ ఎనభై వేలన్నారు.

పని అక్కడితో అయిపోలేదు. చెయ్యి దూరని సందుల్లో ఇంకా ముద్ద ఉంటుందని, దాన్ని కొత్త ఆయిల్‌తోనే నెమ్మదిగా కరిగించి దింపుకోవాలని మేస్త్రిగారు చెప్పారు. 500 కిలోమీటర్లకి మొదటిసారి ఆయిల్, ఫిల్టరు మార్చాం. పాత ఫిల్టరుని రంపంతో కోసి, మడతల కాగితం విప్పి ఎండలో పరిచారు. మిరియాలు చల్లినట్టు నల్లటి పలుకులు. అయస్కాంతం తిప్పితే ఏమీ అంటలేదు. పంపు, క్రాంక్ లాంటి ఇనప భాగాల రజను లేదని అర్థం. బేరింగు పూత అయస్కాంతానికి అంటదు కాబట్టి, దాని మెరుపు ఉందేమోనని భూతద్దం పెట్టి విడిగా వెతికారు. ఆ తర్వాత 1500కి రెండోసారి మార్చాం. పలుకులు సగానికి సగం తగ్గాయి.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే నాన్నని ఎక్కించుకుని ధవళేశ్వరం దాకా వెళ్ళివస్తున్నాను. ఆయిల్ వేడెక్కాలి కదా. ఆయనకి బ్యారేజీ మీద గాలి ఇష్టం. మొన్న మూడో ఫిల్టరు కోసిన రోజు మేస్త్రిగారు ఆ కాగితాన్ని నా చేతికిచ్చి వెలుతురుకి పెట్టి చూసుకోమన్నారు. మడతల్లో నల్లదనం ఉంది, పలుకు ఒక్కటీ లేదు. నాన్న కూడా అడిగి తీసుకుని చూశారు. వచ్చే ఆయిల్ చేంజ్ ఐదు వేల కిలోమీటర్లకి, లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే అదని రాసి, ఆ చీటీ డాష్‌బోర్డు మీద అతికించుకున్నాను.