నా ఆక్టేవియా ఇంజిన్‌కి ఫోర్జ్‌డ్ కనెక్టింగ్ రాడ్లు వేయించిన అనుభవం

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న 2006 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ నా దగ్గర ఉంది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, సిలిండర్‌కి ఐదు వాల్వులు. కంపెనీ లెక్క ప్రకారం 150 పీఎస్ పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. నేను కొనేనాటికే పాత యజమాని ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని, ఎక్కువ పవర్ కోసం రీమ్యాప్ చేయించాడు.

రెండేళ్ల కిందట ఆగస్టులో రాయగడ నుంచి తిరిగి వస్తుంటే, ఒక కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. ముందు ఒక లారీ వెళ్లింది కదా అని నేనూ దింపాను. మధ్యలోకి వెళ్లేసరికి ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. ఎయిర్ ఫిల్టర్ నీళ్లు పీల్చేసింది. ప్లగ్గులు తీసి, నీళ్లు కక్కించి, ఆరబెట్టి స్టార్ట్ చేస్తే స్టార్టయింది. కానీ ఐడ్లింగ్‌లో చిన్న వణుకు మిగిలిపోయింది.

ఇక్కడి మేస్త్రీ కంప్రెషన్ చూశాడు. మూడు సిలిండర్లలో 11.5 బార్ చొప్పున, మూడో సిలిండర్‌లో మాత్రం 10. వాల్వులు కాలిపోయి ఉంటాయి, హెడ్ దింపుదాం అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరక మావయ్యకి ఫోన్ చేశాను. మావయ్య సునాబెడలోని హెచ్ఏఎల్ ఇంజిన్ డివిజన్‌లో ఇన్‌స్పెక్షన్ పనిచేసి రిటైరయ్యాడు. 1964లో మిగ్-21 ఇంజిన్ల కోసం పెట్టిన ఫ్యాక్టరీ అది. తర్వాత సుఖోయ్-30 ఇంజిన్లు కూడా అక్కడే తయారయ్యాయి. విమానం ఇంజిన్ల కొలతలు చూసిన చేతులు ఆయనవి.

"లీక్-డౌన్ చూశారా బాబూ?" అన్నాడు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష అది. చేయలేదు. చేస్తే నాలుగు సిలిండర్లూ ఒకేలా ఉన్నాయి, ఎక్కడా గాలి పోవడం లేదు. "గాలి పోకుండా కంప్రెషన్ తగ్గిందంటే పిస్టన్ పైదాకా రావడం లేదన్నమాట. రాడ్ వంగింది" అని ఫోన్‌లోనే తేల్చేశాడు. పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ అన్నమాట. హెడ్ దింపి డయల్ గేజ్ పెడితే మూడో పిస్టన్ మిగతావాటికంటే 1.4 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతోంది. నీళ్లు గాలిలా నలగవు కదా, ఆ దెబ్బంతా రాడ్ తిన్నది.

ఒక్క పాత రాడ్ తెచ్చి వేస్తే పదివేలలోపు అయిపోయేది. నేను ఫోర్జ్‌డ్ రాడ్లకి, అంటే వేడి ఉక్కుని నొక్కి తీర్చిన గట్టి రాడ్లకి, వెళ్లడానికి కారణం ఉంది. ఈ ఇంజిన్‌లో బలహీనమైన భాగం రాడ్డే అని దీన్ని విప్పిన వాళ్లందరికీ తెలుసు. చాలామంది ఎక్కువ ఆర్‌పీఎంకి తిప్పితే రాడ్ పోతుందనుకుంటారు. టర్బో ఇంజిన్‌లో అసలు ప్రమాదం 3000 ఆర్‌పీఎం చుట్టుపక్కల, బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, ఒక్కసారిగా ఎగబాకినప్పుడు. 81 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 100 బార్ ఒత్తిడి పడితే అది ఐదు టన్నుల పైమాటే. ఆ బరువంతా సన్నటి రాడ్ నిలువునా మోయాలి. పై ఆర్‌పీఎంలో కథ వేరు. అక్కడ భారం బోల్టుల మీద పడుతుంది. 86.4 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 6500 దగ్గర తిరుగుతుంటే, రాడ్‌కి తగిలించే పిన్నుతో కలిపి అర కిలో ఉండే పిస్టన్ పైకొన దగ్గర దాదాపు 1.3 టన్నుల బలంతో రాడ్‌ని లాగుతుంది. అందుకే రాడ్ ఎంత ముఖ్యమో దాని రెండు బోల్టులూ అంతే ముఖ్యం.

ముందు పిన్ కొలిచాం, 19 మిల్లీమీటర్లు. ఇదే 1.8 టర్బోలో 20 పిన్ ఉన్నవీ ఉన్నాయి, కాబట్టి కొలవకుండా ఆర్డర్ పెట్టకూడదు. తెప్పించిన రాడ్లు 144 మిల్లీమీటర్ల పొడవు, హెచ్-బీమ్ ఆకారం (అడ్డంగా కోస్తే హెచ్ అక్షరంలా ఉంటుంది), 4340 స్టీల్. ఆ గ్రేడ్ పేరు చెప్పగానే మావయ్య "మన ఈఎన్-24 లాంటిదే" అన్నాడు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు. కస్టమ్స్‌తో కలిపి అరవై వేలు దాటింది. పార్సెల్ రావడానికి నెలన్నర పట్టింది.

అసెంబ్లీ కోసం ఇంజిన్‌ని ఊరు దాటించి ఒక పెద్ద బోరింగ్ షాపుకి పంపాను. హోనింగ్ (సిలిండర్ లోపలి గోడల్ని రుద్దడం), క్రాంక్ పాలిష్ బాగా చేశారు. రాడ్లు కూడా వాళ్లే బిగించి తిరిగి పంపారు. నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది. మావయ్య జయపురం వచ్చి ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "బోల్టుల సాగుదల ఎంత వచ్చిందో రాసిన కాగితం ఏదీ?" అని అడిగాడు. షాపుకి ఫోన్ చేస్తే, టార్క్ పానాతో బిగించామని, మామూలు ఇంజిన్ ఆయిల్ రాశామని చెప్పారు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దీన్ని పూర్తిగా తక్కువ అంచనా వేశాను. రాడ్ బోల్టు ఒక గట్టి స్ప్రింగ్ లాంటిది. బిగించినప్పుడు అది సన్నగా సాగాలి. ఆ సాగడంలోనే, రాడ్‌ని క్రాంక్ చుట్టూ మూసే క్యాప్‌ని పట్టి ఉంచే బలం ఉంటుంది. టార్క్ పానా చూపించేది మనం తిప్పిన బలాన్ని మాత్రమే, అందులో ఎక్కువ భాగం మరల్లోనూ బోల్టు తల కిందా రాపిడికే పోతుంది. బోల్టులతో వచ్చిన మాలిబ్డినం గ్రీజు వాడితే ఒక లెక్క, ఇంజిన్ ఆయిల్ రాస్తే ఇంకో లెక్క. ఆయిల్‌తో రాపిడి ఎక్కువ కాబట్టి పానా 'క్లిక్' అన్నా బోల్టు అనుకున్నంత సాగదు. కంపెనీ రాడ్లలో టార్క్ ఇచ్చి తర్వాత 90 డిగ్రీలు తిప్పుతారు, ఆ బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి. ఈ కొత్తవాటిని మళ్లీ వాడొచ్చు. కాకపోతే విప్పాక పొడవు ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, పెరిగినా పారేయాలి.

ఆయిల్ చాంబర్ మళ్లీ దింపాం. మావయ్య స్ట్రెచ్ గేజ్ ఒకటి ఎక్కడినుంచో తెప్పించాడు. విప్పే ముందు బిగువులో ఒక కొలత, విప్పాక ఒక కొలత. ఎనిమిది బోల్టుల్లో ఆరింటికి రాడ్లతో వచ్చిన కాగితంలో అడిగిన సాగుదల రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాగే స్టార్ట్ చేసి ఘాట్ ఎక్కి ఉంటే క్యాప్ ఊడి బ్లాకుని చీల్చుకుని బయటికి వచ్చేది.

ఎలాగూ విప్పాం కదా అని బేరింగ్ క్లియరెన్సులు, అంటే ఆయిల్ పొరకి వదిలే సందులు, కూడా కొలవమన్నాడు. క్రాంక్ పిన్ 47.8 మిల్లీమీటర్లు, రాడ్‌కీ క్రాంక్‌కీ మధ్య ఉండే రేకుల్లాంటి షెల్ బేరింగులు పెట్టి క్యాప్ బిగించాక లోపలి వ్యాసం బోర్ గేజ్‌తో చూస్తాం. మేం పెట్టుకున్న లక్ష్యం 0.045 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మూడు రాడ్లు సరిగ్గా వచ్చాయి, నాలుగోది 0.02 చూపించింది. నేను గేజ్ తప్పనుకున్నాను. మావయ్య షెల్ తీసి, వెనక వైపు తెల్ల గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. హోనింగ్ నుంచి మిగిలిన లోహపు రజను, వెంట్రుకకంటే సన్నం, గుడ్డకి అంటింది. తుడిచి మళ్లీ బిగిస్తే 0.046. అంత చిన్న నలుసు ఆయిల్ పొర మందాన్ని సగానికిపైగా తినేసింది!

తర్వాత ప్రతి క్యాప్ మీద నంబరు చూసి దాని జతకే పెట్టాం. పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్లకి కొత్త రాడ్ తగులుతుందేమోనని క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూశాం. ఆయిల్ పికప్ జాలీని కడిగాం. ఈ ఇంజిన్లలో మడ్డి చేరి జాలీ మూసుకుపోవడం తెలిసిన జబ్బే. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు పీకి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్ మీదే తిప్పాం. ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేశాం.

రన్నింగ్-ఇన్ కోసం సాలూరు వైపు వెళ్లే సుంకి ఘాట్ రోడ్డుని మించింది లేదు. ఎక్కేటప్పుడు మూడో గేరులో మితమైన లోడు, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ బ్రేకింగ్. కొత్త రింగులు బోరుకి కూర్చోవడానికి ఈ రెండూ కావాలి. బూస్ట్ అసలు వాడలేదు. ట్యూనింగ్ తర్వాత చేయించాను, 3000 లోపు బూస్ట్ మెల్లగా పెరిగేలా. రాడ్ తట్టుకుంటుంది కదా అని గేర్‌బాక్స్‌నీ క్లచ్‌నీ కొట్టించడం నాకు ఇష్టం లేదు.

ఒక్క సంగతి స్నేహితులందరికీ చెబుతున్నాను. ఫోర్జ్‌డ్ రాడ్ ఉన్నా నీళ్లలోకి దింపితే మళ్లీ వంగుతుంది, లేదా రాడ్ నిలబడి ఇంకేదో విరుగుతుంది. ఇప్పుడు కల్వర్టు మీద నీళ్లు కనిపిస్తే బండి పక్కన ఆపి, తగ్గేదాకా కూర్చుంటున్నాను.

500 కిలోమీటర్ల దగ్గర మొదటి ఆయిల్ మార్చాం. మావయ్య ఫిల్టర్‌ని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, పాత వార్తాపత్రిక మీద పరిచి అయస్కాంతం తిప్పాడు. రింగులు కూర్చున్నప్పుడు వచ్చే బూడిదలాంటి పొడి కాస్త అంటింది. బేరింగు రేకుల మెరుపు ఎక్కడా లేదు. 5000 దగ్గర ఫిల్టర్ మార్చినప్పుడు పారేయకుండా తనకే తెచ్చి ఇవ్వమన్నాడు.