మా వాడి మొదటి డ్రోన్
మా వాడికి పదేళ్లు, డ్రోన్ కావాలని పట్టుబట్టాడు. కెమెరా ఉన్నదే కొందామనుకున్నాను కానీ, పిల్లలకు ముందు కావాల్సింది అది కాదు, రెక్కల చుట్టూ గార్డులు, చెయ్యి తీసినా అదే ఎత్తులో నిలబడే ఆల్టిట్యూడ్ హోల్డ్, ఇంకో రెండు బ్యాటరీలు, ఎందుకంటే బొమ్మ డ్రోన్లు చాలావరకు ఒక్క ఛార్జింగ్‌కి పది నిమిషాలు కూడా ఎగరవు. బరువు 250 గ్రాములు దాటనివ్వకండి. 2021 డ్రోన్ నిబంధనల్లో అది నానో తరగతి, పైలట్ లైసెన్స్ అక్కర్లేదు.

మా అనంతపురం గాలి తెలిసిందే కదా, ఆషాఢంలో మిద్దె మీద ఎగరేస్తే పక్క వీధి వేపచెట్టులో వెతుక్కోవాలి. అందుకే మొదటి నెల హాల్లోనే, ఫ్యాన్ ఆపేసి. రెక్క విరిగి కొత్తది బిగించేటప్పుడు దాని మీదున్న ఏ, బీ అక్షరాలు చూడండి, తారుమారైతే లేస్తూనే బోర్లా పడుతుంది. మా వాడు పాడైపోయిందనుకుని ఏడ్చింది అప్పుడే.