మండువా మీద రేకు తీయించిన తరువాత: నా అనుభవం

ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే చోటును మండువా అంటారు. కోనసీమ మండువా లోగిళ్ళ ప్రస్తావన వస్తే ఎవరైనా ముందుగా చెక్కిన స్తంభాల గురించీ, సింహద్వారం గురించీ చెబుతారు. మా ముత్తాతగారు కట్టించిన ఇంటిని బాగుచేయించే బాధ్యత మీద వేసుకున్నాక నాకు తెలిసివచ్చిన విషయం వేరు. ఆ ఇంటి లోపలి అలంకారమంతా మండువాలోకి దిగే వెలుగును లెక్కలో పెట్టుకుని చేసినది. ఆ వెలుగుకు దారి మూసేస్తే ఎంత గొప్ప పనితనమైనా ఉండీ లేనట్టే అవుతుంది.

మా ఇంట్లో ఆ దారి మూతపడడానికి తుపాను కారణం. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వీచిన గాలికి కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమైనప్పుడు మా ఇంటి పడమటి వసారా మీద పెంకులు లేచిపోయాయి, మూల స్తంభం ఒకటి విరిగింది. ఇక వాన బెడద వద్దని పెద్దవాళ్ళు మండువా మీద ఇనుప చట్రం బిగించి రేకు కప్పించారు. ఆ రాత్రి భయాన్ని అనుభవించినవాళ్ళు చేసిన పనిని తప్పుపట్టలేను. అయితే ఆ తరువాత పెరిగిన మా పిల్లల తరానికి ఆ ఇల్లు పట్టపగలు ట్యూబులైట్లు వెలిగించుకునే, గోడలు చెమ్మగిల్లే చీకటి ఇల్లుగానే తెలుసు. అందుకే ఇంటిని విప్పించి కలప అమ్మేద్దామనే మాట వచ్చినప్పుడు అడ్డు చెప్పినవాళ్ళు తక్కువ. పాత ద్వారబంధాలనూ స్తంభాలనూ కొని హోటళ్ళకూ రిసార్టులకూ అలంకరణకు అమ్మే వ్యాపారులు మా ఊరికి కూడా వస్తూనే ఉంటారు.

ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఇంట్లో ఏముందో పూర్తిగా రాసుకుందామని అన్నయ్యను అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. ఈశాన్య మూల నుంచి మొదలుపెట్టి ప్రతి స్తంభానికీ, ప్రతి తలుపుకూ ఒక అంకె వేసి, కొలతలు తీసి, బొమ్మ గీసి, ఫోటో తీసుకున్నాను. ఫోటో తీసుకుంటే చాలదా అని అడిగినవాళ్ళున్నారు. చాలదు. చేత్తో బొమ్మ గీస్తున్నప్పుడు కన్ను ఒక్కో గీత దగ్గరా ఆగక తప్పదు, ఆ ఆగడంలోనే అసలు సంగతులు బయటపడతాయి.

మా స్తంభం నిర్మాణం ఇది. అడుగున రాతి దిమ్మ ఉంటుంది. మండువాలో పడిన వాన తుంపరలు కలప మొదలును కుళ్ళబెట్టకుండా కాపాడేది అదే. దాని మీద స్తంభం నలుపలకలుగా మొదలై, ఎనిమిది పలకలుగా మారి, ఆపైన గుండ్రంగా సన్నబడి, తామర రేకుల దగ్గర మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ రేకుల మీద, దూలాన్ని మోసే అడ్డచెక్క రెండు వైపులకూ చేతులు చాచినట్టు ఉంటుంది. ఆ అడ్డచెక్క పక్కభాగాల్లో పెద్దగా చెక్కడమేమీ లేదు. దాని అడుగున మాత్రం, నిచ్చెన ఎక్కి తలెత్తితే తప్ప నాకు కనబడని చోట, చిలకలూ ద్రాక్షతీగా లోతుగా చెక్కి ఉన్నాయి. గోడవైపున్న సగంలో తీగ సాదాగా సాగిపోతుంటే, మండువా వైపున్న సగంలో ప్రతి ఆకుకూ ఈనెలు కూడా వేసి ఉన్నాయి. కనబడని చోట ఇంత శ్రమ ఎందుకు పెట్టారో అర్థం కాక మా వడ్రంగి మేస్త్రిగారిని అడిగితే, ఆయన కాసేపు పైకీ కిందకీ చూసి, “ఇది కింద నుంచి వెలుగు కొట్టే చోటండీ. రేకు తీయించి చూడండి” అన్నారు.

రేకులో సగం విప్పించి, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ, బాబాయిగారి పిల్లలనూ మధ్యాహ్నం భోజనాలకు పిలిచాను. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి ఉండే ఇంట్లో ఎండ సూటిగా స్తంభాల తలల మీద పడదు. అది మండువా నేల మీద పడి, అక్కడి నుంచి పైకి చిమ్ముతుంది. ఆ వెలుగులో అడ్డచెక్క అడుగున ఉన్న చిలకలు ఒక్కొక్కటే నీడలతో సహా తేలి కనిపించాయి. పైనుంచి బల్బు వేస్తే నల్లగా కలిసిపోయే చెక్కడం అది. కలప అమ్మకం మాట ఆ రోజుతో ఆగిపోయింది. ఆ అడ్డచెక్కనే తీసుకెళ్ళి ఏ హోటలు గోడకో బిగిస్తే దానికి ఆ వెలుగు దొరకదు కదా!

అంత కలప ఆ పల్లెలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి పంట స్థిరపడింది, రైతు చేతిలో డబ్బు నిలిచింది. బర్మా టేకు సముద్రం మీదుగా ఈ తీరానికి చేరింది. మా ఇంట్లో అందరూ దాన్ని ఇప్పటికీ రంగూన్ టేకు అనే అంటారు. దూలాలూ స్తంభాలూ ఆ టేకువే, వాసాలు మాత్రం చేవదేరిన తాటివి.

ఎక్కువ కాలం పట్టినది రంగు వదిలించే పని. ప్రతి పెళ్ళికీ ఒక పూత చొప్పున వేసిన ఎనామిల్ రంగులు చెక్కడాల గీతల్ని పూడ్చేశాయి. కాస్టిక్ సోడాతో కడిగితే త్వరగా వదులుతుందని కొందరు చెప్పారు గాని, అది టేకును నల్లబరిచి పీచు లేపుతుంది. పొడిగా గరుకు కాగితం పట్టించడానికీ నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పీల్చడం పనివాళ్ళకు మంచిది కాదు. రంగును మెత్తబరిచే ముద్ద పూసి, నానిన తరువాత వెదురు పుల్లలతో గీసి తీయించాము. చాక్లెట్ రంగు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద టేకు బయటపడ్డాయి. ఒక చిలక రెక్క మీద వెంట్రుకవాసి మందాన ఈకల గీతలు కనబడినప్పుడు మేస్త్రిగారు పని ఆపి అందరినీ పిలిచి చూపించారు. వార్నిషు వేయించలేదు. దాని మెరుపు వెలుగును ఎదురుకొట్టి అంత సన్నని గీతల్ని మింగేస్తుంది. అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి పలుచగా పట్టించాము.

గోడల సంగతి మరొక రకం. సున్నపు గచ్చుతో కట్టిన ఇటుక గోడలకు మధ్యలో ఎవరో సిమెంటు పూత వేయించారు. నీటిమట్టం పైకే ఉండే మా నేలలో గోడ కింద నుంచి చెమ్మ పీలుస్తుంది. సున్నపు పూతైతే ఆ చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. దాంతో చౌడు తేలి పూత పెచ్చులుగా రాలుతుంది. ఆ సిమెంటు గీకించి, బాగా నానబెట్టిన సున్నమూ ఇసుకా కలిపి నూరించి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో మళ్ళీ పూత వేయించాము. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక తొందరపెట్టడానికి వీల్లేదు. చివరి పూత గుల్ల సున్నంతో వేసి నున్నని రాయితో రుద్దారు. ఆ గోడ అద్దంలా తళతళలాడదు, వెలుగును మెత్తగా వెనక్కి ఇస్తుంది. వసారా లోపలి గదుల్లో మధ్యాహ్నం దాకా దీపం అక్కరలేకుండా పోవడం ఆ పూత పుణ్యమే.

గుమ్మాల పైన రవివర్మ ముద్రణాలయంలో అచ్చయిన దేవతల పటాలు, 1894లో బొంబాయిలో మొదలైన ఆ ముద్రణాలయం వల్ల పల్లె ఇళ్ళకు చేరినవి, ముందుకు వంగి వేలాడుతుంటాయి. నిటారుగా తగిలిద్దామని మా పిల్లలు సరదాపడ్డారు. తగిలించి చూస్తే అద్దంలో మండువా మీది ఆకాశమే కనిపించింది, లక్ష్మీదేవి ముఖం కనిపించలేదు. మళ్ళీ పాత పద్ధతిలోనే వంచి కట్టాము.

ఇంత చెప్పాక వాన మాట దాటవేయకూడదు. మండువా తెరిచే ఉంచాము, కోతులకూ దొంగలకూ అడ్డంగా ఇనుప ఊచలు మాత్రం బిగించాము. చూర్లు కలిసే నాలుగు మూలల్లో తుప్పుపట్టిన రేకులు మార్చి, పూడిపోయిన తూమును పెరటి దాకా శుభ్రం చేయించాము. జల్లు కొట్టే పడమటి వైపుకు చుట్టి పెట్టుకునే వెదురు తెరలు కట్టాము. గట్టి వాన పడితే వసారా అంచు తడుస్తుంది, తుడుచుకుంటాము.

ఇక మిగిలినది తుపానులో విరిగిన మూల స్తంభం. దాని స్థానంలో అప్పట్లో నిలబెట్టిన వేపదుంగనే ఇప్పటికీ దూలాన్ని మోస్తోంది. మిగతావాటిలాగే చెక్కిన కొత్త స్తంభం వేయిద్దామని అన్నయ్య అన్నారు. అది పాతదని తరువాతి తరం వాళ్ళు నమ్మే ప్రమాదం ఉందని నేను అన్నాను. టేకుతోనే, అదే కొలతలతో, పలకలు మాత్రం ఉంచి, చెక్కడం లేకుండా సాదాగా చేయించాలని చివరికి ఒప్పుకున్నాము. సంక్రాంతి వెళ్ళాక మేస్త్రిగారు ఆ పని మొదలుపెడతారు.